అక్కల మాటకు తాళం

తహ్రీమ్‌కు హైదరాబాదులో మొదటి ఉద్యోగం ఇప్పించింది ఒక వెబ్‌సైటు. చూపులకు అది ఏమంత గొప్పది కాదు. లేత ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు, ఒక్కో పేజీ ఒక్కో తీరు, కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులో, అక్కడక్కడా తప్పులు. దాని పేరు ‘అక్కల మాట’.

ఎస్.ఆర్. నగర్‌లో కొమురమ్మ నడిపే ఆడపిల్లల హాస్టల్లో పుట్టిందది. మంజూష అనే అమ్మాయి అమీర్‌పేటలో వెబ్ డిజైన్ నేర్చుకుంటూ, చెయ్యి తిరగడం కోసం దాన్ని మొదలుపెట్టింది. తనకు ఉద్యోగం వచ్చినప్పుడు ఇంటర్వ్యూలో ఏమేం అడిగారో, తను ఎక్కడ తడబడిందో, ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో అంతా ఒక పేజీగా రాసి పెట్టింది. అడుగున తన ఫోన్ నంబరిచ్చి, మొహమాటపడకుండా ఫోన్ చెయ్యమని రాసింది. ఆమెను చూసి ఇంకొకతె, ఆ ఇంకొకతెను చూసి మరొకతె. హాస్టల్ నుంచి ఉద్యోగంలో చేరిన ప్రతి అమ్మాయీ వెనక వచ్చేవాళ్ల కోసం ఒక పేజీ రాసివ్వడం ఆ ఇంటి ఆచారమైపోయింది. కొందరు ఫోటోలు పెట్టారు. రాయడానికి బద్ధకించినవాళ్లు ఫోన్లో మాట్లాడి ఆ రికార్డింగు పెట్టారు. ఏళ్లు గడిచేసరికి వందల పేజీలయ్యాయి.

తహ్రీమ్ జనగామలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే మహమ్మద్ కూతురు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేయడానికి వచ్చి కొమురమ్మ హాస్టల్లో చేరింది. కోర్సు అయితే పూర్తయింది గానీ ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా గొంతు పెగిలేది కాదు. వరసగా ‘కబురు చేస్తాం’ అనే మాట వినీ వినీ, ఇక సామాన్లు సర్దుకుందామనుకున్న రోజున ‘అక్కల మాట’లో లతీఫా అనే సీనియర్ పేజీ కంటపడింది. ‘రానిది అడిగితే రాదని చెప్పు. కానీ అది ఎట్లా కనుక్కుంటావో కూడా చెప్పు. వాళ్లకు కావలసింది ఆ రెండో మాటే’ అని ఉంది అందులో. తహ్రీమ్ ఆ నంబరుకు ఫోన్ చేసి, సలాం చెప్పగానే ఏడ్చేసింది.

“రోతీ కైకూ?” అంది అవతల లతీఫా నవ్వుతూ. “ఏడుపు తర్వాత. ముందు నిన్ను నేను ఇంటర్వ్యూ చేస్త, చెప్పు.”

ముఖం కూడా తెలియని ఆ మనిషి ఆ మధ్యాహ్నమంతా ఆమె చేత జవాబులు చెప్పించింది. ఆ తర్వాత పంజాగుట్టలో ఒక వెబ్ కంపెనీలో తహ్రీమ్‌ను రానిదే అడిగారు. రాదని చెప్పింది, ఎట్లా కనుక్కుంటుందో కూడా చెప్పింది. చేర్చుకున్నారు. ఇప్పుడు అదే కంపెనీలో కొత్తగా వచ్చేవాళ్లను ఇంటర్వ్యూ చేసేది ఆమే. పెద్ద గొంతు కాదు గానీ, పని విషయంలో ఆమె ‘అవుతుంది’ అంటే అవుతుంది, ‘కాదు’ అంటే కాదు. వాళ్ల మేనేజరు హనుమత్ప్రసాద్ కూడా ఆ మాటను దాటి క్లయింటుకు మాటివ్వడు.

హాస్టల్ వదిలి సొంతంగా ఇల్లు తీసుకున్నా కొమురమ్మతో రాకపోకలు పోలేదు. అందుకే ఒక శనివారం ఆఫీసులో ఉండగా కొమురమ్మ ఫోన్ చేసి, “బిడ్డా, జర వచ్చి పో. గిప్పుడే” అంటే, ఎందుకని అడక్కుండానే బయలుదేరింది.

హాస్టల్ హాల్లో ముగ్గురున్నారు. కొమురమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టి, టైలరింగ్ చేసే భర్త వెంట నగరానికొచ్చి, ఒక్క గదితో మొదలుపెట్టి మూడంతస్తుల హాస్టల్ దాకా వచ్చిన మనిషి. ఆమె ముఖం అంత బిగిసి ఉండటం తహ్రీమ్ ఎప్పుడూ చూడలేదు. పక్కన బిందు. తణుకు నుంచి వచ్చిన అమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని పంజాగుట్టలో ఒక ఆఫీసులో ఈమధ్యే చేరింది. మూడో మనిషి విజయేందర్. అమీర్‌పేటలో కంప్యూటర్ షాపు ఉంది. గదులు బుక్ చేసుకోవడానికి హాస్టల్‌కు కొత్త సైటు చేసిచ్చింది అతనే.

“ఏమైందో నువ్వే చెప్పు బిడ్డా” అంది కొమురమ్మ బిందుతో.

బిందు తహ్రీమ్ వైపు తిరిగింది. “నా పాత కంపెనీలో సురేందర్ అని ఒకడుండేవాడు అక్కా. ఇష్టం లేదని చెప్పినా వినలేదు. మెసేజులు, ఫోన్లు. నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. భరించలేక ఆ ఉద్యోగమే మానేశాను. కొత్త ఉద్యోగం గురించి అక్కడ ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆఫీసు అయ్యాక పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ‘నీ పేజీ చదివాను, బాగా రాశావు’ అన్నాడు.”

తహ్రీమ్‌కు సంగతి అర్థమైంది. ఈ కొత్త ఉద్యోగం రాగానే అందరిలాగే బిందు కూడా ‘అక్కల మాట’కు పేజీ రాసింది. ఏ బిల్డింగు, మెట్రో దిగి ఎటు నడవాలి, తను ఎన్నింటికి బయటికి వస్తుంది, కలవాలంటే ఏ మెట్ల దగ్గర ఉండాలి — అన్నీ రాసింది. తర్వాత వచ్చే చెల్లెళ్ల కోసం రాసింది. గూగుల్లో బిందు పేరు కొడితే మొదట వచ్చేది ఆ పేజీయే.

“నేను ఆ రోజు పరుగెత్తి ఆటో ఎక్కేశాను” అంది బిందు. “అప్పటినుంచి ఆఫీసుకు పోలేదు. హాస్టల్ నుంచే పని చేస్తున్నాను.”

“అందుకే చెప్తున్న, తీసేయ్ పో ఆ సైటు” అంది కొమురమ్మ. “పొల్లలకు మంచిదని నేను సుత మురిసిన. గిట్లాంటోళ్లు సదువుతరని నాకేం ఎరుక? రేపు ఇంకో పొల్లకు ఏమన్న ఐతే జిమ్మెదారి ఎవలది?”

విజయేందర్ కాస్త ముందుకు జరిగాడు. “ఆంటీ, తీసేసే పని లేదు. నేను నిన్ననే లాగిన్ పెట్టిన. మన కొత్త సైటుల ‘అక్కల మాట’ అన్న మెనూ ఒత్తితే ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతది. చూడుండ్రి.”

అతను ఫోన్లో చూపించాడు. నిజమే, మెనూ ఒత్తగానే పాస్‌వర్డ్ అడిగింది. కొమురమ్మ ముఖం కొంచెం తేటపడింది. తహ్రీమ్ తన ఫోన్ తీసింది. మెనూ జోలికి పోలేదు. బిందు పేజీ పూర్తి అడ్రసును నేరుగా టైప్ చేసింది. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు, బిందు నవ్వు ముఖం ఫోటో, మెట్ల సంగతి, ఫోన్ నంబరు అన్నీ వచ్చేశాయి. ఎవరూ పాస్‌వర్డ్ అడగలేదు.

విజయేందర్ ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిదెట్లా?”

“అన్నా, నువ్వు పెట్టిన లాగిన్ నీ సి.ఎం.ఎస్.ది” అంది తహ్రీమ్. సి.ఎం.ఎస్. అంటే కొత్త సైటును నడిపే సాఫ్ట్‌వేర్; పేజీలు చేర్చడం, మార్చడం, ఎవరిని లోపలికి రానివ్వాలో చూసుకోవడం దాని పని. “అది తను తయారుచేసిన పేజీలకే కాపలా కాస్తది. మంజూష అక్క పేజీలు దానికంటే ముందటివి. అవి ఉత్త ఫైళ్లు, సర్వర్ మీద ఒక ఫోల్డర్లో పడి ఉన్నయ్. అడ్రసు తెలిసినోడు నేరుగ అడిగితే సర్వర్ తీసి చేతికిస్తది. మధ్యలో నీ సి.ఎం.ఎస్.కు కబురే పోదు.”

కొమురమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. “అంటే ముంగట గేటుకు తాళమేసినం. పక్క సందుల గోడే లేదు.”

“అంతే ఆంటీ.”

“అయితే తీసేసుడే మంచిది.”

ఆ మాట వింటూ మెట్ల మీద నిలబడ్డ అమ్మాయిలు నలుగురైదుగురు కిందికి దిగి వచ్చారు. ఒకామెకు వచ్చే వారమే ఇంటర్వ్యూ ఉంది. ఆ కంపెనీ గురించి రాసిన పేజీ రోజూ చదువుకుంటోంది. “తీసేయకండి ఆంటీ, మాకు ఉన్నదే అది” అంది. ఇంకొకామె, బిందు వైపు చూసి, తను అనబోయింది మింగేసింది.

తహ్రీమ్ బిందు పక్కన కూర్చుంది. “ముందు నీ సంగతి. నీ పేజీ నీది. ఉంచాల్నా, తీసేయాల్నా నువ్వే చెప్పు.”

“తీసేయండి అక్కా.”

తహ్రీమ్ విజయేందర్ లాప్‌టాప్ అందుకుని ఆ పేజీని అక్కడే తీసేసింది. తర్వాత కొమురమ్మ వైపు తిరిగింది.

“మిగతా పేజీలను పని అయ్యేదాకా ఎవరికీ కనిపించకుండ మూసేస్త. తీసేయను. వారం టైమియ్యి ఆంటీ. ఒక్క అక్షరం మారకుండ, ఒక్క పేజీ పోకుండ, మనోళ్లకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండ చేసిస్త.”

“ఐతదా?”

“అయితది.”

కొమురమ్మకు ఆ గొంతు తెలుసు. సరేనంది.

విజయేందర్‌కు ఒక ఉపాయం తోచింది. పాత పేజీల్లోని మాటలన్నీ కాపీ చేసి సి.ఎం.ఎస్.లో కొత్త పేజీలుగా పెడితే దాని లాగిన్ దానంతటదే పనిచేస్తుంది కదా అన్నాడు. తప్పేమీ కాదు. కానీ వందల పేజీలు, ఒక్కోటి ఒక్కో తీరు. కాపీ చేసేలోపు నెలలు పడతాయి, సగం లింకులు తెగుతాయి. పైగా ఎవరి పేజీ వాళ్లు చేత్తో రాసుకున్నది. ఒకామె అక్షరాలు పెద్దవి, ఒకామె పేజీ నిండా పూలు. వాటిని చదును చేసే హక్కు తమకు లేదనిపించింది తహ్రీమ్‌కు.

“వాటినట్లే ఉంచుదాం అన్నా. చోటు మార్చుదాం” అంది.

ఆదివారం ఇద్దరూ అమీర్‌పేటలోని అతని షాపులో కూర్చున్నారు. ఏ పని మొదలుపెట్టే ముందైనా తహ్రీమ్‌కు ఒక అలవాటు: మొత్తం కాపీ తీసి పక్కన పెట్టుకోవడం. అది అయ్యాక ‘అక్కల మాట’ ఫోల్డర్ను, బయటివాళ్లు అడ్రసు కొట్టి చేరుకోగల చోటు నుంచి తీసి, సర్వర్ లోపల ఏ అడ్రసుకూ అందని చోట పెట్టింది. ఇప్పుడు ఆ పేజీలు ఎవరికీ కనిపించవు, మనవాళ్లకైనా సరే. తర్వాత వాకిట్లో నిలబడటానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. ఎవరైనా పాత అడ్రసు కొడితే ఆ అభ్యర్థన ముందు ఈ ప్రోగ్రాం దగ్గరికి వస్తుంది. అది సి.ఎం.ఎస్.ను ‘ఈమె లాగిన్ అయిందా?’ అని అడుగుతుంది. అయిందంటే లోపలికెళ్లి ఆ పేజీ తెచ్చి చేతికిస్తుంది. లేదంటే లాగిన్ పేజీ చూపిస్తుంది. పాత అడ్రసులు ఒక్కటీ మారలేదు, పేజీల్లోని ఒక్క లింకూ తెగలేదు.

“గింతేనా?” అన్నాడు విజయేందర్, ఆ ప్రోగ్రాం పొడవు చూసి. “నేనింకా మస్తు పెద్ద పని అనుకున్న.”

“రాసుడు చిన్న పనే అన్నా. పరీక్ష చేసుడే పెద్దది.”

ఆ పరీక్షకు తహ్రీమ్ బిందును పిలిచింది. జాలిపడి పిలవలేదు. బిందు వృత్తే టెస్టింగ్. పైగా ఈ సైటులో ఒక్క రంధ్రం మిగిలినా అందరికంటే ఎక్కువ పట్టింపు ఉన్నది ఆమెకే. మొదట బిందు రానంది. “దొంగ ఎట్లెట్ల వస్తాడో ఆలోచించాలె. ఆ పని నీకంటె బాగ ఎవరు చేస్తరు?” అన్నాక, చున్నీ సర్దుకుని ఆటోలో వచ్చింది.

బిందు మొదట మర్యాదగా మొదలుపెట్టింది. లాగిన్ లేకుండా పేజీలు అడిగింది, రాలేదు. తప్పు పాస్‌వర్డ్ కొట్టింది, రానివ్వలేదు. అడ్రసును మెలికలు తిప్పి, ఆ ఫోల్డర్ దాటి పక్క ఫైళ్లు అందుతాయేమోనని అందులో చుక్కలు పెట్టి చూసింది. తహ్రీమ్ దాన్ని ముందే ఊహించి కట్టేసింది. లాగిన్ అయి, బయటికొచ్చి, బ్రౌజర్లో వెనక్కి ఒత్తింది. చూసిన పేజీ మళ్లీ కనబడింది.

“అక్కా, హాస్టల్లో కంప్యూటర్ అందరూ వాడతారు. ఒకళ్లు లేచి వెళ్లాక ఇంకొకళ్లు కూర్చుని వెనక్కి ఒత్తితే?”

తహ్రీమ్ అక్కడికక్కడే సరిచేసింది. బిందు తన ఫోన్లో ఏదో వెతికింది. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టింది. అందులో ఆమె ఫోటో, పేజీలో పెట్టిన అదే నవ్వు ముఖం, పెద్దదిగా.

“ఇది ఇంకా వస్తోంది” అంది నెమ్మదిగా.

తహ్రీమ్ ఉలిక్కిపడింది. పేజీలన్నీ లోపలికి మారాయి, నిజమే. కానీ ఫోటోలు, రికార్డింగులు ఆ ఫోల్డర్లో లేవు. మంజూష వాటిని వేరే చోట పెట్టింది. అవన్నీ ఇంకా గోడ లేని ఆ పక్క సందులోనే ఉన్నాయి. పేజీకి తాళం పడింది, ముఖాలకు పడలేదు. బిందు పేజీ తీసేసినప్పుడు కూడా ఫోటో అక్కడే మిగిలిపోయింది.

“నేను చూసుకోలె” అంది తహ్రీమ్. సాకు చెప్పలేదు. “మంచిగ పట్టినవ్. ఇంకా ఏమున్నయో చూడు.”

ఆ మాటకు బిందు భుజాలు కొంచెం నిటారుగా లేచాయి. పొద్దుగూకే వేళకు ఫోటోలు, రికార్డింగులు కూడా అదే వాకిలి లోపలికి చేరాయి. తమ దగ్గర మూసుకున్నా గూగుల్ దాచుకున్న పాత కాపీలు కొన్నాళ్లు కనిపిస్తాయి కాబట్టి, వాటిని తీసేయమని తహ్రీమ్ అభ్యర్థన పెట్టింది. బిందుకు ఒక మాట దాచకుండా చెప్పింది. “ఇప్పటికే చూసినోని కండ్లల్లకెళ్లి మనం తీసేయలేం. కొత్తగ చూసేటోళ్లను ఆపుతం. మిగిలింది పోలీసుల పని. పోదామా?”

“ఆలోచిస్తాను అక్కా.”

ఇక మిగిలింది ఎవరికి లాగిన్ ఇవ్వాలన్నది. కొమురమ్మ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది. “అందరికి ఒక్కటే పాస్‌వర్డ్ పెట్టు బిడ్డా. హాల్ల బోర్డు మీద రాస్త. అయిపాయె.”

“కాదు ఆంటీ.”

“ఎందుక్కాదు? నాకు గిన్ని పాస్‌వర్డులు సమజ్ కావు.”

“ఒక్క తాళంచెవినే అందరికీ ఇస్తే, అది బయటివాని చేతికి పోయిననాడు ఎవరి దగ్గర్నుంచి పోయిందో ఎట్ల తెలుస్తది? ఎవరిది వాళ్లకే ఉండాలె. నీకు పాస్‌వర్డులు తెలిసే పని లేదు. ‘ఈమె మన పొల్లనే’ అని నువ్వు చెప్పాలె. నువ్వు ఒప్పుకుంటేనే అకౌంటు తెరుచుకుంటది.”

కొమురమ్మ అందుకు వంక పెట్టలేకపోయింది. ఎందుకంటే ఆ పని ఆమెకు ఇష్టమైనది. ఉష అనే అమ్మాయి ఫోన్ చేసి అకౌంటు అడిగితే, “నువ్వు నా చేతి అన్నం తిన్నవ్, నిన్ను మరుస్తనా? పప్పుల ఉప్పెక్కువైందని రోజు లొల్లి జేసేదానివి” అని అరగంట మాట్లాడి అప్పుడు ఒప్పుకున్నట్టు బటన్ ఒత్తింది. ఎక్కడెక్కడో స్థిరపడ్డ పాత అమ్మాయిలందరితో ఆ వారమంతా ఆమెకు పండగే. బెంగళూరు నుంచి లతీఫా కూడా మాట్లాడింది. తహ్రీమ్ చేసిన పని విని, “మాషా అల్లా! ఫోన్లో ఏడ్చిన పొల్లవేనా నువ్వు?” అంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కొన్ని వారాల తర్వాత తహ్రీమ్ మధ్యాహ్నం టీ తాగుతూ, లాగిన్ అయినవాళ్ల వివరాలు చూస్తోంది. ఎవరు ఏ పేజీ తెరిచారో సి.ఎం.ఎస్. గుర్తుపెట్టుకునేలా ఆమే ఏర్పాటు చేసింది. నవీన అనే పాత అమ్మాయి అకౌంటు నుంచి ఎవరో మళ్లీ మళ్లీ బిందు పేజీనే అడుగుతున్నారు. ఆ పేజీ ఇప్పుడు లేదు. లేదని తెలిశాక, బిందుతో కలిసి కోర్సు చేసిన అమ్మాయిల పేజీలు ఒకటొకటిగా తెరిచారు. ఇంటర్వ్యూ కోసం చదివేవాళ్లు కంపెనీని బట్టి వెతుకుతారు; ఒక మనిషిని బట్టి వెతకరు.

తహ్రీమ్ టీ గ్లాసు పక్కన పెట్టి, ముందు నవీన అకౌంటును ఆపేసింది. తర్వాత నవీనకు ఫోన్ చేసింది.

“నీ పాస్‌వర్డ్ ఎవరికన్న ఇచ్చినవా?”

“మా ఆఫీసుల ఒకాయనకు ఇచ్చిన అక్కా. వాళ్ల చెల్లెకు ఇంటర్వ్యూ ఉంది, జర చూసి ఆమెకు చెప్తనన్నడు. ఎందుకు?”

“ఆయన పేరు?”

“సురేందర్.”

నవీన పనిచేసేది బిందు వదిలేసిన కంపెనీలోనే. బిందు ఎందుకు మానేసిందో ఆమెకు తెలియదు. బిందు ఎవరికీ చెప్పుకోలేదు కదా. సంగతి విన్నాక నవీన ఆ సాయంత్రమే ఎస్.ఆర్. నగర్ వచ్చి, బిందు చేతులు పట్టుకుని, “నాకు తెల్వదు బిందూ, ఒట్టు, నాకు తెల్వదు” అని ఏడ్చింది. బిందు ఆమెనేమీ అనలేదు. కొమురమ్మ మాత్రం “తెల్వకనే ఇస్తరు బిడ్డా అందరు. ఇంకోసారి నన్ను అడిగి ఇయ్యి” అని కోప్పడి, అన్నం పెట్టనిదే ఆమెను పంపలేదు.

బిందు హాల్లో చాలాసేపు కూర్చుంది. తహ్రీమ్ లాప్‌టాప్‌లో ఆ వివరాలన్నీ ఆమె ముందున్నాయి: ఏ తేదీన, ఏ వేళకు, ఏ అకౌంటుతో, ఎవరి పేజీ కోసం. ఇన్నాళ్లూ ఆమె దగ్గర ఉన్నది భయం ఒక్కటే. ఎవరికైనా చెబితే ‘నీ ఊహేమో’ అంటారన్న భయం కూడా అందులో ఉంది. ఇది ఊహ కాదు.

“ఇది కాగితాల మీద తీసివ్వగలరా అక్కా?” అంది. “నాకు వచ్చిన మెసేజులు కూడా ఉన్నాయి. ఒక్కటీ చెరపలేదు. రేపు వెళ్దాం.”

మర్నాడు ముగ్గురూ వెళ్లారు, బిందు, తహ్రీమ్, నవీన. ఆడపిల్లల ఫిర్యాదులు చూసే పోలీసుల దగ్గర బిందే మొత్తం చెప్పింది. మధ్యలో ఆగి మంచినీళ్లు తాగి మళ్లీ అందుకుంది. తన పాస్‌వర్డ్ ఎట్లా అడిగి తీసుకున్నాడో నవీన తన నోటితోనే చెప్పింది. సురేందర్‌ను పిలిపించారు. చెల్లెలి ఇంటర్వ్యూ అని మొదట బుకాయించాడు. ఏ పేజీలు తెరిచాడో వరసగా చదివి వినిపించేసరికి తల వంచుకున్నాడు. కేసు రాశారు. వాళ్ల కంపెనీ కూడా విచారణ జరిపి అతన్ని తీసేసింది. ఆ తర్వాత అతను బిందు దరిదాపులకు రాలేదు.

బిందు మళ్లీ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు హాస్టల్ అమ్మాయిలు ఇద్దరు వెంట వెళ్లారు. ఒకరోజు తనే వద్దంది.

ఒక ఆదివారం తహ్రీమ్ హాస్టల్‌కు వస్తే బిందు ఒక ఫైలు చూపించింది. ‘అక్కల మాట’కు కొత్త పేజీ. ఇంటర్వ్యూ గురించి కాదు. ఎవరైనా వెంటపడితే మొదట ఎవరికి చెప్పాలి, మెసేజులు ఎందుకు చెరపకూడదు, ఫిర్యాదు చేసేటప్పుడు ఏమేం అడుగుతారు, అప్పుడు సిగ్గుగా అనిపిస్తే ఏం చేయాలి — అన్నీ తను పడ్డవి పడ్డట్టుగా రాసింది. లేత ఆకుపచ్చ, ఎర్ర అక్షరాలు అట్లాగే ఉంచింది. తహ్రీమ్ చివరిదాకా చదివింది.

“మంచిగ రాసినవ్” అంది. అని, అదే మాట సురేందర్ కూడా అన్నాడని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. బిందుకూ గుర్తొచ్చినట్టుంది. నవ్వేసింది.

“మీరంటే వేరు అక్కా.”

ఆ పేజీ లోపలికి చేరిన కొద్దిరోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువమంది చదివేది అదే అయింది. శ్రీనగర్ కాలనీలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఒకావిడ సంగతి తెలిసి కొమురమ్మను అడిగింది. వాళ్లకూ ఇట్లాంటి పాత సైటే ఉందట. ఖైరతాబాద్‌లో ఒక రోగుల సంఘం హనుమత్ప్రసాద్ దగ్గరికే వచ్చింది. వాళ్ల సభ్యుల జబ్బు వివరాలు ఏళ్లుగా ఎవరికైనా కనిపించేలా పడి ఉన్నాయి, ఎవరూ గమనించలేదు. హనుమత్ప్రసాద్ తహ్రీమ్‌ను పిలిచి, ఈ పని కోసమే వేరే టీమ్ పెడదామనుకుంటున్నానని, నడపగలవా అని అడిగాడు.

“నడుపుత సార్” అంది తహ్రీమ్. “కానీ నాకో మనిషి కావాలె. తాళం వేసేటోళ్లు మస్తుమంది దొరుకుతరు. వేసిన తాళాన్ని లాగి చూసేటోళ్లు దొరకరు.”

“నీకు తెలిసినవాళ్లు ఉన్నారా?”

“ఉన్నది. కానీ సిఫారసు చెయ్యను. ఇంటర్వ్యూ చేద్దాం.”

ఆ మధ్యాహ్నం తహ్రీమ్ బిందుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“ఇంటర్వ్యూ ఎవరు చేస్తారక్కా?”

“నేనే.”

“రానివి అడుగుతారా?”

“రానివే అడుగుత.”

“అయితే నాకు వారం టైమ్ కావాలి” అంది బిందు. “మీ కంపెనీ సైటు తీసి ఇప్పుడే చూస్తున్నాను. అక్కా, మీ కాంటాక్ట్ పేజీలో ఒక రంధ్రం కనబడుతోంది. ఇప్పుడు చెప్పమంటారా, ఇంటర్వ్యూలో చెప్పనా?”